గ్లాసుడు నీళ్లలో 15 ఎం.ఎల్.: పొటాషియం సిరప్ వెనక ఉన్న లెక్క

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం తయారైన ఓఆర్ఎస్ లీటరు కలిపితే అందులో 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. విరేచనాలతో నీరసించిన మనిషి ఆ లీటరును గంటల తరబడి, కొంచెం కొంచెంగా తాగుతాడు. ఇప్పుడు రక్తంలో పొటాషియం తగ్గిందని డాక్టర్ రాసిచ్చిన సిరప్ సీసా చేతిలోకి తీసుకోండి. లేబుల్ మీద 10 శాతం పొటాషియం క్లోరైడ్ అని ఉంటే, కొలత మూతతో పోసుకునే 15 ఎం.ఎల్.లో ఉండేది కూడా ఆ 1.5 గ్రాములే. లీటరు నీళ్లలో పలచగా ఉండాల్సిన లవణం ఇక్కడ మూడు చెంచాల్లో కూర్చుంది.

ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే సీసా మీదున్న సగం హెచ్చరికలు వాటంతటవే అర్థమవుతాయి. చాలామంది దీన్ని దగ్గు మందులాగే చూస్తారు. మూతలో పోసి, గుటుక్కున మింగి, మొహం చిట్లించి, పైన రెండు గుక్కల నీళ్లు తాగేస్తారు. కాసేపటికి పొట్టలో మంట, వికారం, కొందరికి వాంతి. "ఈ మందు నాకు పడట్లేదు" అని మానేస్తారు. చాలాసార్లు పడనిది మందు కాదు, తాగిన తీరు.

అయితే పొట్టలో మంట ఈ కథలో చిన్న భాగం. అసలు జాగ్రత్త గుండె గురించి. పొటాషియం ఎంత తీసుకున్నాం అనేది ఒక ప్రశ్న. అది ఎంత వేగంగా రక్తంలోకి వచ్చింది, ఎంత సులువుగా బయటికి పోతోంది అనేవి మరో రెండు ప్రశ్నలు. నా లెక్కలో ఈ రెండే పెద్దవి.

ముందు నిల్వ ఎక్కడుందో చూద్దాం. 70 కిలోల పెద్ద మనిషి ఒంట్లో సుమారు 3500 మిల్లీ ఈక్వివలెంట్ల పొటాషియం ఉంటుంది. లేబుళ్ల మీద, ల్యాబ్ రిపోర్టుల మీద కనిపించే ఎంఈక్యూ అంటే ఇదే. పొటాషియం వరకు ఒక ఎంఈక్యూ, ఒక మిల్లీమోల్ రెండూ ఒకటే, అంటే 39 మిల్లీగ్రాములు. ఆ 3500లో దాదాపు 98 శాతం కణాల లోపలే ఉంటుంది, ముఖ్యంగా కండరాల్లో. కణాల బయట, అంటే రక్తంలోనూ దాని చుట్టూ ఉన్న ద్రవంలోనూ కలిపి ఉండేది 60 ఎంఈక్యూలకు అటూ ఇటూ. రక్తపరీక్షలో కనిపించేది ఆ బయటి వాటా మాత్రమే. మామూలుగా లీటరుకు 3.5 నుంచి 5.0 మధ్య ఉండాలి. కణం లోపల మాత్రం 140 దాకా ఉంటుంది.

లోపల అంత, బయట ఇంత ఎందుకంటే, ప్రతి కణం గోడ మీదా ఒక పంపు పగలూ రాత్రీ పనిచేస్తూనే ఉంటుంది. మూడు సోడియం అయాన్లను బయటికి తోసి రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ 1957లో దీని గురించి ప్రచురించాడు. నలభై ఏళ్ల తర్వాత, 1997లో, రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. లోపలికీ బయటికీ ఉన్న ఆ తేడా వల్లే నరాల్లో సంకేతం నడుస్తుంది, గుండె కండరం కొట్టుకుంటుంది. అందుకే బయట ఉన్న ఆ కొంచెం పొటాషియంలో ఒకటి రెండు అంకెల తేడా వచ్చినా గుండె లయ తప్పుతుంది.

ఇప్పుడు 15 ఎం.ఎల్. డోసును దీని పక్కన పెట్టండి. అందులో 20 ఎంఈక్యూ ఉంది. కణాల బయట ఉన్న మొత్తంలో అది మూడో వంతు! ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి అక్కడే ఉండిపోతే చాలా ఇబ్బంది. ఆరోగ్యవంతుడిలో అలా జరగదు. తిన్న వెంటనే విడుదలయ్యే ఇన్సులిన్ కొంత పొటాషియాన్ని కణాల్లోకి నెడుతుంది, మిగిలింది కిడ్నీలు కొన్ని గంటల్లో మూత్రంలో పంపేస్తాయి. అయినా 40 నుంచి 60 ఎంఈక్యూ ఒకేసారి నోటి ద్వారా తీసుకుంటే రక్తంలో స్థాయి తాత్కాలికంగా, ఉన్నదాని మీద లీటరుకు ఇంకో 1 నుంచి 1.5 ఎంఈక్యూ పెరుగుతుంది, తర్వాత కిందికి దిగుతుంది. 3.0 ఉన్నవాడికి ఆ పెరుగుదల మేలే. 4.8 ఉన్నవాడికి, పైగా కిడ్నీలు మందగించినవాడికి, ఇదే ఎమర్జెన్సీ అవుతుంది.

డాక్టర్లు రోజు మోతాదును రెండు, మూడు, ఒక్కోసారి నాలుగు భాగాలు చేసి రాసేది ఇందుకే. ఒక్క డోసులో 40 ఎంఈక్యూ దాటనివ్వరు. "పొద్దున మర్చిపోయాను, సాయంత్రం రెండూ కలిపి తాగేస్తాను" అనే లెక్క ఈ మందుకు పనికిరాదు. మర్చిపోయి గంటో రెండు గంటలో అయితే తాగొచ్చు. తర్వాతి డోసు దగ్గరపడితే మర్చిపోయినదాన్ని వదిలేయాలి.

గ్లాసు కలిపేటప్పుడు

ముందు కొలత. సీసాతో వచ్చిన కొలత మూత గానీ, గీతలున్న సిరంజి గానీ వాడండి. వంటింటి చెంచాలో ఎంత పడుతుందో ఒకసారి సిరంజితో నీళ్లు పోసి చూడండి. ఒక చెంచాకూ ఇంకో చెంచాకూ పొంతన ఉండదు. దగ్గు మందుకు ఆ తేడా పెద్దగా పట్టింపు లేదు, దీనికి ఉంది.

తర్వాత నీళ్లు. ఒక్కో డోసుకు కనీసం 120 ఎం.ఎల్., అంటే సగం గ్లాసు పైచిలుకు చల్లటి నీళ్లు. నా మాట వింటే గ్లాసు నిండా కలపండి, నష్టమేమీ లేదు. గ్లాసులో నీళ్లు ముందు పోసి, పైన మందు పోసి, చెంచాతో బాగా తిప్పండి. సిరప్ నీళ్లకన్నా బరువు కాబట్టి తిప్పకపోతే అడుక్కి చేరుతుంది. పైన చప్పగా, ఆఖరి గుక్కలో మాత్రం ఘాటుగా తగిలిందంటే సరిగ్గా కలవలేదన్నమాట. భోజనంతో పాటు గానీ, భోజనమైన వెంటనే గానీ, ఐదు పది నిమిషాలు తీసుకుంటూ తాగాలి. పరగడుపున వద్దు. ఉప్పూ చేదూ కలిసిన ఆ రుచి చల్లగా ఉంటే కాస్త తగ్గుతుంది. పండ్లరసంలో కలపొచ్చు గానీ నారింజ, టమాటా రసాల్లో పొటాషియం వాటంతట అవే బోలెడు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు నీళ్లే మేలు. షుగర్ ఉన్నవాళ్లు లేబుల్ వెనక వైపు కూడా చూడాలి. కొన్ని సిరప్పుల్లో చక్కెర, కొన్నింట్లో తీపి కోసం కలిపే సార్బిటాల్ ఉంటాయి. సార్బిటాల్ ఎక్కువైతే విరేచనాలవుతాయి, విరేచనాల్లో పొటాషియం పోతుంది. తవ్వి పోసి మళ్లీ పూడ్చినట్టే.

ఇంత తంటా పడే బదులు మాత్ర వేసుకోవచ్చు కదా అని అడగొచ్చు. మాత్రలకు వాటి చరిత్ర ఉంది. 1960ల్లో పైపూత ఉన్న పొటాషియం క్లోరైడ్ మాత్రలు చిన్నపేగులో ఒకేచోట కరిగి, అక్కడ లవణం గాఢంగా చేరి, పుండ్లు పడ్డ కేసులు బయటపడ్డాయి. తర్వాత మెల్లగా విడుదలయ్యే మాత్రలు వచ్చాయి, అవి చాలావరకు మెరుగు. అయినా మింగడం కష్టమైనవాళ్లకు, మాత్ర గొంతులోనో అన్నవాహికలోనో ఆగిపోయే ప్రమాదం ఉన్నవాళ్లకు, పేగు కదలిక మందగించినవాళ్లకు ద్రవమే సరైనది. మింగలేకపోతున్నామని మెల్లగా విడుదలయ్యే మాత్రను నూరి కలపడం మాత్రం అస్సలు చేయకూడదు. గంటల తరబడి రావాల్సింది ఒక్క గుక్కలో వచ్చేస్తుంది. ముక్కు గొట్టం ద్వారా ఆహారం తీసుకుంటున్నవారికైతే సిరప్‌ను ఇంకా పలచన చేసి, ఆహారంలో కలపకుండా విడిగా ఎక్కించి, ముందూ వెనకా నీళ్లతో గొట్టం కడగాలి. ఎంత నీళ్లన్నది నర్సు దగ్గరుండి చూపించాల్సిన పని.

ఒకే చెంచా, మూడు లెక్కలు

నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టేది "పొటాషియం సిరప్ రెండు చెంచాలు" అనే మాట. ఏ సిరప్? 10 శాతం క్లోరైడ్ ద్రావణంలో 5 ఎం.ఎల్.కు సుమారు 6.7 ఎంఈక్యూ. 20 శాతం ద్రావణంలో అదే 5 ఎం.ఎల్.కు దానికి రెట్టింపు, 13.3. పొటాషియం సిట్రేట్, సిట్రిక్ యాసిడ్ కలిసిన ఒక రకం ద్రావణంలో ఎం.ఎల్.కు 2 ఎంఈక్యూ, అంటే 5 ఎం.ఎల్.కు 10. చెంచా ఒకటే, మందు మూడు రకాలు. పాత సీసా అయిపోయి దుకాణంలో వేరే కంపెనీది ఇచ్చినప్పుడు, "ఇదీ పొటాషియమే కదా" అని పాత కొలతతోనే తాగడం మొదలుపెడితే మోతాదు తెలియకుండానే మారిపోతుంది. సీసా మారిన ప్రతిసారీ 5 లేదా 15 ఎం.ఎల్.కు ఎంత ఎంఈక్యూ అని లేబుల్ మీద చూసి, డాక్టర్ రాసినదానితో సరిపోతుందో లేదో ఫార్మసిస్టును అడగండి. కొన్ని లేబుళ్ల మీద మిల్లీగ్రాములే ఉంటాయి. అక్కడ ఇంకో మెలిక: 1500 మిల్లీగ్రాముల పొటాషియం క్లోరైడ్ అంటే అందులో పొటాషియం సుమారు 780 మిల్లీగ్రాములే, మిగతాది క్లోరైడ్.

క్లోరైడ్, సిట్రేట్ ఒకదాని బదులు ఒకటి వాడే సరుకులు కావు. వాంతుల వల్లో, మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్రల వల్లో పొటాషియం పోతే దాంతో క్లోరైడ్ కూడా పోతుంది, కాబట్టి క్లోరైడ్ రూపంలోనే ఇవ్వాలి. సిట్రేట్ ఎక్కువగా కొన్ని రకాల కిడ్నీ రాళ్లకు, మూత్రంలో ఆమ్లం తగ్గించడానికి వాడతారు. రాళ్ల కోసం సిట్రేట్ తాగుతున్న మనిషికి వేరే డాక్టర్ పొటాషియం క్లోరైడ్ రాస్తే, రెండూ పొటాషియమే అన్న సంగతి ఆయనకు ఎవరో ఒకరు చెప్పాలి. ఆ చెప్పేది సాధారణంగా రోగే.

బయటికి పోయే దారి

ఒంట్లోకి వచ్చిన పొటాషియంలో దాదాపు 90 శాతం కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. ఆ దారి ఇరుకైతే లోపలికి వచ్చేది మామూలు మోతాదైనా పేరుకుంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ చెప్పకుండా ఈ సీసా జోలికి పోకూడదని అందరూ అంటారు, ఆ మాట నిజం. చెప్పకుండా వదిలేసేది ఏమిటంటే, కిడ్నీలు బాగానే ఉన్నా ఆ దారిని ఇరుకు చేసే మందులు చాలామంది రోజూ వేసుకుంటున్నారు.

బీపీకి, గుండెకు వాడే ఎనాలప్రిల్, రామిప్రిల్ లాంటివి, టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటివి పొటాషియాన్ని ఒంట్లో నిలుపుతాయి. స్పైరనోలాక్టోన్, ఎప్లెరినోన్, అమిలోరైడ్, ట్రయామ్టెరిన్ ఇంకా గట్టిగా నిలుపుతాయి. వీటితో పాటు పొటాషియం సిరప్ కలిపి ఇవ్వడమంటే ప్రత్యేక కారణం, దగ్గరి పర్యవేక్షణ రెండూ ఉండాల్సిందే. ట్రైమెథోప్రిమ్ ఉన్న యాంటీబయాటిక్ వారం రోజుల కోర్సే అయినా పొటాషియం పెంచగలదు. అవయవ మార్పిడి అయినవాళ్లు వాడే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ కూడా అంతే. ఇక ఒళ్లు నొప్పులని ఎవరినీ అడక్కుండా వేసుకునే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. ఒక బీపీ మాత్ర, పొటాషియం సిరప్, మోకాళ్లకు నాలుగు రోజులు నొప్పి మాత్రలు: విడివిడిగా చూస్తే ఏదీ భయపెట్టదు, మూడూ కలిస్తేనే చిక్కు. గుండెకు డిగాక్సిన్ అనే మందు వాడేవాళ్ల సంగతి తిరకాసు. వాళ్లకు పొటాషియం తగ్గినా ప్రమాదమే, పెరిగినా ప్రమాదమే. వాళ్లు రక్తపరీక్ష వాయిదా వేయకూడదు.

వంటింట్లో ఇంకో పొటాషియం సీసా దాక్కుని ఉండొచ్చు, దాని పేరు తక్కువ సోడియం ఉప్పు. సోడియం తగ్గించి ఆ స్థానంలో కలిపేది పొటాషియం క్లోరైడే. పూర్తిగా పొటాషియం క్లోరైడే అయిన ఉప్పు ఒక గ్రాములో 13 ఎంఈక్యూ ఉంటుంది. అలాంటిది ఐదు గ్రాములు వాడితే సిరప్ పెద్ద డోసులు మూడు తాగినట్టే. ఈ ఉప్పు చెడ్డదని అనను. చైనా గ్రామాల్లో సుమారు 21 వేల మంది మీద చేసి 2021లో వెలువరించిన పెద్ద అధ్యయనంలో, నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ ఉన్న ఉప్పు వాడినవాళ్లలో పక్షవాతాలు తగ్గాయి. కానీ తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లనూ, పొటాషియం మందులు వాడేవాళ్లనూ ఆ అధ్యయనంలోకి తీసుకోలేదు. సిరప్ తాగుతున్న మీరు ఆ రెండో జాబితాలోవాళ్లు.

ఎంత పెరిగిందో ఒంటికి తెలియదు

పొటాషియం తగ్గితే నీరసం, పిక్కలు పట్టేయడం, మలబద్ధకం, గుండె దడ. పెరిగితే నీరసం, కాళ్లు బరువెక్కడం, తిమ్మిర్లు, గుండె దడ. రెండు జాబితాల్లో సగం ఒకటే! పైగా పెరిగినప్పుడు చాలామందికి ఏ లక్షణమూ ఉండదు, ఈసీజీలో మార్పే మొదట కనిపిస్తుంది. కాబట్టి "ఇంకా నీరసంగానే ఉంది, ఇంకో మూత తాగుతా" అనేది చీకట్లో మెట్లు దిగడం లాంటిది. ఆ నీరసం ఏ వైపుదో రక్తపరీక్షే చెప్పాలి.

ఓపిక పట్టాల్సిన కారణం ఇంకోటి ఉంది. రక్తంలో 4.0 ఉండాల్సింది 3.0కు దిగిందంటే ఒళ్లు మొత్తం మీద కొరత సుమారు 200 నుంచి 400 ఎంఈక్యూ. బయట తగ్గినదాన్ని పూడ్చడానికి కణాలు తమ నిల్వలోంచి ఇచ్చేశాయి కాబట్టి, మళ్లీ ఆ నిల్వలన్నీ నిండాలి. అందుకే కొన్ని రోజులు పడుతుంది, మోతాదు పెంచినంత మాత్రాన తొందరగా నిండవు. స్థాయి 2.5 కన్నా తగ్గినా, గుండె లయ తప్పినా, కాళ్లూ చేతులూ కదపలేనంత నీరసం ఉన్నా అది సిరప్‌తో ఇంట్లో సర్దుకునే పని కాదు, ఆసుపత్రిలో సెలైన్ ద్వారా, గుండెను మానిటర్ మీద చూస్తూ ఎక్కించాలి. (అదే లవణాన్ని గాఢంగా నరంలోకి వేగంగా ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. గాఢ పొటాషియం ద్రావణాల మీద అదుపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఆసుపత్రులకు ప్రత్యేకంగా సూచనలిచ్చింది.)

వారాల తరబడి తాగినా 3.2 దాటట్లేదా? అప్పుడు మెగ్నీషియం ఎంతుందో చూడమని అడగండి. మెగ్నీషియం తక్కువగా ఉంటే కిడ్నీలు పొటాషియాన్ని పట్టి ఉంచలేవు, చిల్లికుండలో నీళ్లు పోసినట్టే. ముందు ఆ చిల్లి పూడాలి.

రిపోర్టులో అంకె హఠాత్తుగా 5.8 అని వస్తే అది నిజం కాకపోవచ్చు. రక్తం తీసేటప్పుడు పిడికిలి గట్టిగా బిగించి వదులుతూ ఉన్నా, సూదిలోంచి లాగేటప్పుడు ఎర్రకణాలు పగిలినా, శాంపిల్ ఆలస్యంగా ల్యాబ్‌కు చేరినా కణాల్లోని పొటాషియం బయటికి వచ్చి అంకె పెరుగుతుంది. అలాగని మీకు మీరే "తప్పుడు రిపోర్టు" అని తీర్మానించుకోవద్దు. సిరప్ ఆపి, అదే రోజు డాక్టర్‌కు ఫోన్ చేయండి. మళ్లీ పరీక్షా, ఈసీజీయా అన్నది ఆయన చూసుకుంటారు.

తట్టుకోలేని నీరసం, గుండె తప్పి కొట్టుకుంటున్నట్టు అనిపించడం, కళ్లు తిరిగి పడిపోవడం, నల్లటి మలం, రక్తపు వాంతి, తీవ్రమైన కడుపునొప్పి: వీటిలో ఏది వచ్చినా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి, సీసా వెంట తీసుకుని. చిన్నపిల్లలు తాగేశారన్న అనుమానం వచ్చినా అంతే. వాంతి చేయించే ప్రయత్నం వద్దు.

ఇక నేను ఎక్కువగా పట్టించుకునే విషయం. సిరప్ మొదలుపెట్టిన వారంలో అందరూ జాగ్రత్తగానే ఉంటారు. గొడవంతా మూడో నెలలో వస్తుంది. వాంతులు ఎప్పుడో తగ్గిపోయాయి, లేదా మూత్రం ఎక్కువ పోయేలా చేసి పొటాషియాన్ని బయటికి తోసిన ఫ్రుసెమైడ్ మాత్రను డాక్టర్ ఆపేశారు, దాని స్థానంలో స్పైరనోలాక్టోన్ వచ్చింది. సిరప్ మాత్రం పాత చీటీ మీద నడుస్తూనే ఉంది, ఎవరూ ఆపమనలేదు కాబట్టి. కారణం పోయాక కూడా మిగిలిపోయిన మందు ఇది. చీటీ రాయించుకునేటప్పుడే రెండు ప్రశ్నలు అడిగి సీసా మీద పెన్నుతో రాసుకోండి: ఎన్ని రోజులు, మళ్లీ రక్తపరీక్ష ఏ తేదీన. వేరే మందు ఏది మొదలైనా, ఆగినా ఆ రోజే సిరప్ సంగతీ అడగండి. వాంతులు, విరేచనాలు పట్టుకుని తిండీ నీళ్లూ లోపల నిలవని రోజున కూడా అడగాలి. ఆ రోజు పొటాషియం పోతూ ఉండొచ్చు, నీరు తగ్గి కిడ్నీ మందగించి నిలిచిపోతూనూ ఉండొచ్చు, ఇంట్లో కూర్చుని తేల్చుకోలేం.

ఆపేయమన్నాక సగం సీసా మిగిలితే దాన్ని ఫార్మసీలో తిరిగి తీసుకుంటారేమో కనుక్కోండి, లేదంటే పారేసే పద్ధతైనా అడగండి. అరలో ఉంచితే ఆరు నెలల తర్వాత ఇంట్లో ఎవరికో రాత్రి పిక్క పట్టేస్తుంది, "అప్పుడు నాకు దీంతోనే తగ్గింది" అని ఆ సీసా బయటికి వస్తుంది.